కొబ్బరినూనె తాగిన తుపాకి

"తలకి రాసుకునే నూనె తుపాకికి పోస్తారా ఎవరైనా? ఇది రెండో సీసా. ఇంక నేనివ్వను," అంది మల్లేశ్వరి, సీసాని కొంగు చాటుకి లాక్కుంటూ.

"ఇనుముకి నూనే ప్రాణం. నీకు తెలియని విషయాల్లో తల దూర్చకుండా ఇలా ఇయ్యి," అన్నాడు కోటిలింగం చెయ్యి చాచి.

"కొబ్బరినూనె కాదు నాన్నా, గ్రీజు పెట్టాలని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నా. మిల్లులో రోలర్లకి వేసేది డబ్బా నిండా ఉంది. దెబ్బకి జారుడుబండలా జారుతుంది."

"నీ మొహం జారుతుంది. గ్రీజుకి దుమ్ము పడుతుందిరా అశోకూ."

"నీ కొబ్బరినూనెకి పట్టదా? అదసలు చలికాలం గడ్డ కడుతుంది."

పెరటి వసారాలో నవారు మంచం మీద పడుకున్న కొండమ్మ కళ్ళు తెరవకుండానే అందుకుంది. కోటిలింగానికి అక్క ఆవిడ. ఎనభై దగ్గర పడుతున్నా చెవులు మాత్రం పాములవి.

"ఒరేయ్ లింగం, నూనె కాగబెట్టి నాలుగు ఆవాలు కూడా వెయ్యండిరా. కనీసం చిటపటమనైనా అంటుంది. పోయినవారం అదీ అనలేదంటగా."

పోయినవారం అది అనకపోవడమే ఈ ఇంటికి వచ్చిపడిన కష్టం. చిలకలూరిపేట హైవే పక్కన పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు నడుపుతున్న కోటిలింగానికి డెబ్భై నిండాయి. ఆ వయసు దాటినవాళ్ళు తమ తుపాకి లైసెన్సుని బతికుండగానే, కొడుకూ కోడళ్ళతో సహా వారసుల్లో ఒకరి పేరుకి మార్పించుకోవచ్చు. ఒక్కడే కొడుకు గనక అది తనకే వస్తుందని అశోక్ ఏనాడో తీర్మానించుకుని, మీసం కూడా దానికి తగ్గట్టు పెంచాడు. కాగితాలు కదలకముందే స్నేహితుల్ని రైఫిల్ క్లబ్బు రేంజికి తీసుకెళ్ళాడు. లైసెన్సుదారు ఎదురుగా ఉండాలి కాబట్టి తండ్రినీ, ఆయన కూర్చోడానికి ఓ కుర్చీనీ వెంట తీసుకెళ్ళాడు. అక్కడ తుపాకి ఒక గుండు కాల్చి ఇరుక్కుంది. విదిలిస్తే ఇంకోటి కాల్చి మళ్ళీ ఇరుక్కుంది. పేలిన గుండ్లు కాగితం మీద తలో మూలకీ పోయాయి. చివరికి టక్కుమని చప్పుడు చేసి ఊరుకుంది. "మావా, దీంతో పందుల్ని కొడతావా, పందులకి దణ్ణం పెడతావా?" అన్నారు స్నేహితులు. అశోక్ తిట్టని వస్తువు లేదు. తుపాకి పాతదన్నాడు, తూటాలు నకిలీవన్నాడు, గాలి అడ్డంగా వీచిందన్నాడు. కోటిలింగం మాత్రం, తుపాకికేం, తుపాకి బంగారం, పట్టుకున్న చేతులే వెధవ చేతులు అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు శిల్ప తల ఎత్తకుండా, "మీ ఇద్దరి వల్లే అది పాడయింది. నాకిస్తే ఆగకుండా, గురి తప్పకుండా కాల్చేలా చేస్తాను," అంది. కోటిలింగం పెరుగన్నంలో చెయ్యి ఆపి నవ్వాడు. "చెయ్యమ్మా. దాన్ని దారిలో పెట్టినవాళ్ళ పేరునే రాయిస్తాను, పో," అన్నాడు. నవ్వులాటకి అన్నాడు. శిల్ప నవ్వలేదు.

ఇవాళ ఆదివారం. తుపాకి సంగతి చూస్తానని శిల్ప చెప్పిన రోజు.

శిల్ప వంటింట్లోంచి వచ్చింది. చేతిలో పాత న్యూస్‌పేపర్లు, కిరసనాయిలు గిన్నె, వాడేసిన పళ్ళ బ్రష్షు, చిరిగిన పంచె ముక్కలు. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. రైఫిల్ జట్టులో ఉండి రెండుసార్లు రాష్ట్రం తరఫున పోటీలకి వెళ్ళిన మనిషి. పెళ్ళయ్యాక ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. ఇప్పుడు మిల్లుకొచ్చే పత్తిలో తేమ ఎంత, చెత్త ఎంత, పోగు పొడవెంత అన్నవి చూస్తుంది. మామగారి భాషలో దాన్ని "మా కోడలు ఊరికే కూర్చోలేక మిల్లుకొస్తుంది" అంటారు.

"నూనె గొడవ అయిందా?" అంది.

"నువ్వు ఏ నూనె అంటావ్?" అన్నాడు అశోక్, పరీక్ష పెడుతున్నట్టు.

"ఉన్న నూనె ముందు కడగాలి."

పెరటి వసారాలో చాప పరిచి, దాని మీద పేపర్లు పరిచింది. కోటిలింగం లోపలికి వెళ్ళి, ఇనప బీరువా తాళం తీసి, ముఖమల్ గుడ్డ చుట్టిన తుపాకిని రెండు చేతుల మీద మోసుకొచ్చాడు, కొత్తగా పుట్టిన మనవణ్ణి తెస్తున్నట్టు. ఆ గుడ్డకి మల్లేశ్వరే జరీ అంచు కుట్టింది. కుట్టడానికి పనికొచ్చింది గానీ, ఏనాడూ దాన్ని ముట్టుకోవడానికి పనికిరాలేదు. ఆడవాళ్ళు ఆయుధం తాకితే ధార పోతుందని కోటిలింగం నమ్మకం.

పాయింట్ టూటూ రైఫిలు అది. రెండున్నర కిలోలు కూడా ఉండదు. ఒక తూటా పేలితే ఆ ఊపుకే లోపలి బోల్టు వెనక్కెళ్ళి ఖాళీ తూటా డొల్లని బయటికి విసిరేసి, మేగజైన్లోంచి తర్వాతి తూటాని తనే ఎక్కించుకుంటుంది. మనిషి మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు. చూడటానికి పిల్లలు ఆడుకునే బొమ్మలా ముచ్చటగా ఉంటుంది. అందుకే కాబోలు ఈ ఇంటి మగవాళ్ళు దాన్ని బొమ్మలాగే చూసుకున్నారు.

"గొట్టం ఇటు కాదు మావయ్యా, అటు. ఇసుక కుప్ప వైపు తిప్పండి," అంది శిల్ప. ప్రహరీ కట్టడానికి తోలించిన ఇసుక పెరటి చివర గుట్టగా పోసి ఉంది. తర్వాత కూతురి వైపు తిరిగింది. "స్తుతీ, నువ్వు నానమ్మ వెనక్కి వెళ్ళు. ఎవరూ నా ముందుకి రాకండి."

"అబ్బో!" అన్నాడు అశోక్. "ఖాళీ తుపాకికి ఇంత హడావిడా? మేగజైన్ పోయినవారమే పీకేశాను."

"మేగజైన్ పీకితే తుపాకి ఖాళీ అవుతుందని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్పాలి? తెలీదా నాకు?"

"పోనీ, రేంజిలో తెరిచి చూపించారా?"

"ఇరుక్కుపోయిందిగా! అక్కడి మనిషి అడిగాడు. ఇంటికెళ్ళి తీసుకుంటాంలే అని వచ్చేశాం. మా పరువు పోయి మేం ఏడుస్తుంటే వాడొకడు."

శిల్ప బోల్టు పిడి పట్టుకుని లాగింది. రాలేదు. వేలితో ఆ సందులో గీరి, వేలు చూసుకుంది. ఎర్రగా, పచ్చగా, జిగటగా, మధ్యలో దూది పీచుతో. ఆ వేలిని అందరికీ కనపడేలా పైకెత్తింది.

"ఇదేంటి మావయ్యా?"

"దసరా పసుపు కుంకుమ," అన్నాడు కోటిలింగం గర్వంగా. "ఆయుధపూజ రోజు మొత్తం రాస్తాను. ఒక్క చోటు వదలను."

"ఒక్క చోటూ వదల్లేదు. అదే కనిపిస్తోంది. పసుపు, కుంకుమ, గంధం, దాని మీద కొబ్బరినూనె. జిన్నింగు సీజన్లో మనింట్లో పెరుగు మీద కూడా దూది తేలుతుంది, అది తుపాకి మీద వాలదా? ఏడాదికో పొర. లోపల బోల్టు అంత బురదలో అటూఇటూ ఈదాలి. ఇరుక్కోక ఏం చేస్తుంది?"

కొండమ్మ మంచం మీద లేచి కూచుంది. "అంటే మా తమ్ముడు తుపాకికి నలుగు పెట్టాడన్నమాట, స్నానం మాత్రం చేయించలేదు."

"అక్కా, నువ్వు పడుకో."

శిల్ప సందుల్లోకి కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా పోసి, నానడానికి వదిలింది. ఊరికే ఉండక కింద చెక్కకి ఉన్న మరను కొనవేలితో కదిపి చూసింది. గింగిరాలు తిరిగింది.

"ఈ మర ఎవరు వదులు చేశారు?"

"నేనే," అన్నాడు అశోక్. "టెలిస్కోపు పెట్టిద్దామని. ఆన్‌లైన్లో ఆర్డరిచ్చాను. అది బిగిస్తే ఫర్లాంగు దూరంలో చీమ కూడా కనిపిస్తుంది."

"చీమ కనిపిస్తుంది. గుండు దాన్ని తాకదు. గొట్టం చెక్కలో ఊగుతుంటే పైన ఏ అద్దం పెడితే ఏం లాభం?" ఆమె గొంతులో కోపం కూడా లేదు. నాసిరకం పత్తి తెచ్చి మేలురకం అని చెప్పే బ్రోకరుతో మాట్లాడే గొంతు అది. "వారమంతా మీ రేంజి వీడియో చూశాను. మీ ఫ్రెండ్సు పంచుకుని నవ్వుకుంటున్నదే. ఎడం చెయ్యి చెక్క కింద ఉండాలి. మీరు మేగజైన్ని పట్టుకున్నారు, సినిమా పోస్టరులో లాగా. దాన్ని అలా నొక్కితే తూటా వంకరగా ఎక్కుతుంది. ఇంత తేలిక తుపాకి ఊపిరికి కూడా కదులుతుంది. ఊపిరి సగం వదిలి ఆగాలి, చెంప కదలకుండా చెక్కకి ఆనించాలి. మీరేమో ప్రతి గుండుకీ తల తిప్పి, కెమెరా చూస్తోందా లేదా అని చూశారు."

"ఏంటే, నా మొగుడు అనే మర్యాద కూడా లేకుండా..."

"గురి గురించి మాట్లాడుతున్నాను. మొగుడి గురించి కాదు."

"సత్తెనపల్లి పొలంలో పందులు మొక్కజొన్న మొత్తం తిని పోతున్నాయి. ఆ బాధ నీకేం తెలుసు? పర్మిషన్ తెచ్చుకుని..."

"ఈ చిన్న గుండుతో అడవి పందిని కాలిస్తే చావదు. గాయంతో పక్క చేలోకి పోయి, పత్తి ఏరే ఆడకూలీల మీద పడుతుంది. పర్మిషన్ ఇచ్చేవాళ్ళకి ఆమాత్రం తెలుసు కాబట్టే మీకు ఇవ్వలేదు."

అశోక్ మొహం కందిపోయింది. కోటిలింగం లోలోపల ఆనందిస్తున్నాడని ఆయన బొటనవేళ్ళ ఆటలోనే తెలుస్తోంది. కొడుకుని ఎవరు తిట్టినా ఆయనకి ఒకరకమైన తృప్తి. తను తిట్టే శ్రమ తప్పుతుంది.

శిల్ప మళ్ళీ పిడి పట్టుకుంది. గొట్టం ఇసుక వైపే ఉందని ఇంకోసారి చూసుకుని, మోకాలు ఆనించి గట్టిగా లాగింది. కిర్రుమంటూ సగం వచ్చింది, మళ్ళీ లాగితే పూర్తిగా వెనక్కొచ్చింది.

లోపలినుంచి ఒకటి ఎగిరి పేపరు మీద పడింది. దొర్లుకుంటూ వెళ్ళి కిరసనాయిలు గిన్నెకి తగిలి ఆగింది.

ఇత్తడి రంగు. చిటికెన వేలి కొనంత. ముందు సీసపు గుండు అలాగే ఉంది.

మిల్లువైపునుంచి జిన్నింగు యంత్రాల మోత ఒకటే వినిపిస్తోంది.

శిల్ప ఆ తూటాని రెండు వేళ్ళతో తీసి, వెలుతురులో తిప్పి చూసింది. వెనక అంచు మీద చిన్న నొక్కు పడి ఉంది.

"తూటాని పేల్చే సుత్తి దీన్ని కొట్టింది. లోపలున్న బురద వల్ల దెబ్బ సరిగ్గా తగల్లేదు, అంతే. ఇది పోయిన ఆదివారంనుంచీ గొట్టంలోనే ఉంది." మొగుడి వైపు తిరిగింది. "ఇంటికొచ్చాక బోల్టు లాగారా?"

"లాగాను... రెండుసార్లు. సగం వచ్చి వెళ్ళిపోయింది."

"సగం వచ్చి వెళ్ళిందంటే సుత్తి మళ్ళీ ఎక్కి కూర్చుంది. ట్రిగ్గర్ నొక్కడం ఒక్కటే మిగిలింది."

ఆమె తూటాని కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని, ఫోన్ తీసింది. అత్తగారి దగ్గరికి వెళ్ళి తెర చూపించింది. బుధవారం అశోక్ పెట్టిన వాట్సాప్ స్టేటస్ అది. హాల్లో సోఫా మీద ఎనిమిదేళ్ళ స్తుతి, కళ్ళకి నాన్న నల్లకళ్ళజోడు, చేతుల్లో తుపాకి. కింద "మా ఇంటి ఆడపులి" అని, దాని పక్కన ఐదారు మంటల బొమ్మలు. గొట్టం సరిగ్గా ఫోటో చూసేవాళ్ళ వైపు ఉంది.

"దీనికి నూట ఎనభైమంది సూపర్ అని పెట్టారు," అంది శిల్ప. "ఫోటో తీసింది ఎవరు?"

అశోక్ మీసం తడుముకున్నాడు.

"ఫోటో తీసినవాళ్ళకి ఎదురుగా ఉంది గొట్టం. పిల్ల వేలు ఎక్కడుందో చూడండి అత్తయ్యా."

మల్లేశ్వరి కళ్ళజోడు సర్దుకుని చూసింది. చూసి, వెనకనున్న స్తుతి చెయ్యిని వెతికి పట్టుకుంది.

"నొక్కమన్నాడు నాన్న," అంది స్తుతి. అందరూ తన వైపే చూస్తుంటే ఏదో తప్పు చేశాననుకుంది పాపం. "నొక్కినట్టు పెట్టమన్నాడు, బాగా వస్తుందని. నేను నిజంగానే నొక్కాను. కానీ కదల్లేదు. గట్టిగా ఉంది."

కోటిలింగం కుర్చీలో వెనక్కి వాలాడు. అశోక్ స్తంభానికి ఆనుకున్నాడు. నవ్వాలని చూశాడు, నోరు మాత్రమే కదిలింది.

"ఏం కాలేదుగా ఇప్పుడు," అన్నాడు. "దేవుడి దయ వల్ల ఏం కాలేదు. ఎందుకు దీన్ని పెద్దది చేస్తావు?"

శిల్ప అతన్ని కిందనుంచి పైకి ఒకసారి చూసింది. మిల్లు గేటు దగ్గర తడిసిన పత్తి లారీని చూసే చూపు. దించుకోనక్కర్లేదు, వెనక్కి పంపెయ్యి అనే చూపు.

"మీరు పోయేవారు. అదొక సంగతి. మీకు వయసొచ్చింది, మీ తెలివి మీది. ఈ పిల్ల మాత్రం బతికినన్నాళ్ళూ నాన్నని చంపిన పిల్లగా బతికేది. స్కూల్లో, పెళ్ళిలో, ఎక్కడికెళ్ళినా. ఒక ఫోటో కోసం."

"అదిగో చూశావా!" కోటిలింగం కుర్చీలోంచి ఒక్కసారిగా ముందుకొచ్చాడు. భయం తగ్గి, దాని చోటులో వాదన దొరికింది ఆయనకి. "ట్రిగ్గర్ ఎందుకు కదల్లేదు? బురద బురద అన్నావే, ఆ పసుపు కుంకుమే అడ్డం పడింది. అమ్మవారే కాపాడింది నా కొడుకుని! పూజ చెయ్యకపోతే ఏమయ్యేది?"

"పూజ చెయ్యకపోతే రేంజిలోనే పేలి బయటికి పోయేది మావయ్యా. ఇంటిదాకా వచ్చేదే కాదు."

కొండమ్మ ఫక్కుమంది. కోటిలింగం అక్కని కాల్చేసేలా చూశాడు.

"సరేలే. వీడు వెధవ, ఒప్పుకున్నాను. ఎప్పుడూ చెప్పేదే. నా చేతిలో ఉన్నప్పుడు అది ఏనాడూ గురి తప్పలేదు. వీడి చేతికెళ్ళాకే గుండ్లు దిక్కుకొకటి పోయాయి."

శిల్ప తుపాకి లోపలికి వేలు పెట్టి, ఖాళీ అని రూఢి చేసుకుంది. అప్పుడు మాత్రమే గొట్టం మూతిని వెలుతురు వైపు తిప్పింది. పత్తి పోగు చూడటానికి మిల్లులో వాడే భూతద్దాన్ని మూతికి దగ్గరగా పట్టి, మామగారిని రమ్మంది. ఆయన కదల్లేదు. ఆమె తుపాకినే ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది.

"చూడండి. ఈ అంచు ఉంగరంలా చుట్టూ సమానంగా ఉండాలి. గుండు తుపాకిని ఆఖరున వదిలేది ఇక్కడే. ఇక్కడ ఒక పక్క తినేసి ఉంటే, గుండు వెనక వచ్చే గాలి ఆ పక్కనుంచి ముందే తప్పించుకుని దాన్ని తోసేస్తుంది. తుపాకి ఎంత మంచిదైనా, పట్టుకున్నవాడు అర్జునుడైనా సరే, ఒక్కో గుండు ఒక్కో వైపుకి పోతుంది. చూశారా, ఎలా పుచ్చిపోయిందో?"

కోటిలింగం అద్దంలోంచి చూశాడు. నునుపుగా ఉండాల్సిన అంచు పురుగు కొట్టిన కాయలా గుంటలు గుంటలుగా ఉంది.

"తుప్పు," అన్నాడు.

"ఇంత నూనె పోశారుగా. ఇక్కడొక్కచోటే తుప్పెందుకు పట్టింది?"

ఆయన ఆలోచిస్తున్నట్టు పైకి చూశాడు. నిజానికి అప్పటికే తెలిసిపోయింది ఆయనకి. కొండమ్మకీ తెలిసింది, అందరికన్నా ముందు.

"నిమ్మకాయ రా లింగం," అంది. "దసరాకి లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెడతావు. తుపాకికి చక్రాలు లేవు గనక మూతికి గుచ్చుతావు. ఎండి రాలిపోయేదాకా తియ్యనివ్వవు, దిష్టి దిగాలని."

"ప్రతి ఏడాదీ," అంది శిల్ప. "ఇనుము మీద పులుసు ఊరబెట్టినట్టు. మీ అబ్బాయి పోయినవారం దాన్ని చెడగొట్టలేదు మావయ్యా. మీరు ఏళ్ళ తరబడి చెడగొట్టింది పోయినవారం బయటపడింది. ఈ మధ్య మీరెప్పుడు కాల్చారు గనక, గురి తప్పలేదని చెప్పడానికి?"

కోటిలింగం ముఖమల్ గుడ్డ ఒడిలోకి లాక్కుని, దాని అంచు సవరించడం మొదలుపెట్టాడు.

అశోక్ స్తంభం వదిలి ముందుకొచ్చాడు. తండ్రి కూడా పడిపోయాక అతనికి కొంచెం ధైర్యం వచ్చింది.

"అయితే ఎవరికీ చేతకాదన్నమాట, నీకు తప్ప. అదేగా నువ్వు అనిపించుకోవాలనుకున్నది?"

"బాగుచెయ్యగలను. లోపలంతా కడిగి, నాలుగు చుక్కల మెషీనాయిలుతో తుడిస్తే ఇరుక్కోవడం పోతుంది. మేగజైన్ స్ప్రింగు కొత్తది వెయ్యాలి. మూతి అంచు కొత్తగా కోయించాలి, అది లైసెన్సున్న రిపేరువాళ్ళ పని. తర్వాత నాలుగు రకాల తూటాలు కాల్చి చూసి, దేనికి గుండ్లన్నీ ఒకచోట పడతాయో అదే వాడాలి. అప్పుడు మాట వింటుంది. అన్నమాట ప్రకారం నా పేరున రాయించమనండి మీ నాన్నగారిని."

"ఆడదాని పేరున తుపాకి రాయిస్తే బజార్లో నేను తలెత్తుకు తిరగాలా? రాయించమను చూద్దాం. ఆ రోజే నేను ఈ ఇంట్లోంచి పోతాను."

"మీ పేరున రాయిస్తే నేను పోతాను," అంది శిల్ప. గొంతు పెంచలేదు. "స్తుతిని తీసుకుని పోతాను. అది ఉత్తి బెదిరింపు కాదు. పిల్ల చేత తుపాకి తన గుండెకే గురిపెట్టించుకుని ఫోటో తీసిన మనిషి ఉన్న ఇంట్లో, అదే మనిషి చేతిలో బీరువా తాళం ఉంటే, నేను ఒక్క పూట కూడా ఉండను."

కోటిలింగం కొడుకుని చూశాడు, కోడల్ని చూశాడు. మిల్లులో కాటా తేడా వస్తే ఆయన ఇట్టే తేల్చేస్తాడు. ఇక్కడ తేల్చడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నోరుజారి ఇచ్చిన మాట ఒకటీ, నిమ్మకాయలు గుచ్చిన చేతులు రెండూ తప్ప.

"నేను... ఆలోచించి చెప్తాను," అన్నాడు.

"ఏం ఆలోచిస్తావురా," అంది కొండమ్మ. "కొడుక్కిస్తే కోడలు పోతుంది, కోడలికిస్తే కొడుకు పోతాడు. వాడు పోడులే, పేట దాటితే అన్నం ఎవరు పెడతారు వాడికి. ఆ పిల్ల మాత్రం అన్నంత పనీ చేస్తుంది."

"అత్తా, నువ్వు నోర్ముయ్!"

"మూస్తానురా. చచ్చాక మూస్తాను."

అరుపులు మొదలయ్యాయి. అశోక్ పెళ్ళాన్నీ, మేనత్తనీ, స్నేహితుల్నీ, చివరికి టెలిస్కోపు ఇంకా పంపని కంపెనీనీ కూడా తిట్టాడు. కోటిలింగం అందరినీ ఊరుకోమని అందరికన్నా గట్టిగా అరిచాడు. శిల్ప మాత్రం చాప మీద కూచుని, పళ్ళ బ్రష్షుతో బోల్టు సందుల్లోంచి కుంకుమ మట్టిని గీరి పేపరు మీదికి తీస్తోంది.

మల్లేశ్వరి స్తుతిని లోపలికి తీసుకెళ్ళి, టీవీ పెట్టి కూచోబెట్టి వచ్చింది. చేతులు కడుక్కుని, పమిటతో తుడుచుకుంది. కోడలి పక్కన చాప మీద కూచుంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ కింద కూచోవడం మానేసి చాలా రోజులైంది, అందుకే కాబోలు అందరూ ఒక్కసారి ఆగి చూశారు.

"నా పేరున రాయించండి," అంది.

కోటిలింగానికి అర్థం కాలేదు. "ఏంటి?"

"తుపాకి. నా పేరున రాయించండి. పెళ్ళాం కూడా వారసురాలేనట, శిల్ప చెప్పింది. వాడి పేరునా వద్దు, దాని పేరునా వద్దు. నా పేరున ఉంటే ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు."

"నీ పేరునా?" కోటిలింగం నవ్వాడు. ఆ పూట మొదటిసారి ఆయనకి హాయిగా నవ్వొచ్చింది. "గ్యాసు బండ మార్చడానికి పక్కింటివాళ్ళని పిలుస్తావు. బొద్దింక కనిపిస్తే మంచం ఎక్కుతావు. నీకు తుపాకి లైసెన్సా? కాల్చడం వచ్చని సర్టిఫికెట్ అడుగుతారు తెలుసా? ముసలమ్మవి, రేంజిలో బోర్లా పడుకుని కాలుస్తావా?"

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు అశోక్.

"ఊరుకుంటే ఇక్కడిదాకా వచ్చిందిరా." మల్లేశ్వరి కొడుకు వైపు చూడలేదు. "శిల్పా, ఆ సర్టిఫికెట్టు ఎక్కడిస్తారు?"

"రైఫిల్ క్లబ్బులోనే అత్తయ్యా. శిక్షణ ఉంటుంది. తెరవడం, ఖాళీ చెయ్యడం, దాచడం అన్నీ నేర్పి, పరీక్ష పెట్టి ఇస్తారు."

"రేపు నన్ను తీసుకెళ్ళు. మధ్యాహ్నం వంట వదిన చూసుకుంటుంది."

"చూసుకుంటాను. ఉప్పు తక్కువైనా ఎవడూ మాట్లాడకూడదు," అంది కొండమ్మ.

కోటిలింగం నవ్వు సగంలో ఆగిపోయింది. మల్లేశ్వరి చెయ్యి చాచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ తనవైపు అలా చెయ్యి చాచడం ఆయన చూడలేదు. ఏమడుగుతోందో తెలిసేసరికే, మొలలో ఉన్న బీరువా తాళంచెవి మీదికి ఆయన చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"లైసెన్సు వచ్చేదాకా తుపాకి మీదే, చట్టం ప్రకారం," అంది ఆవిడ. "తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. తీసేటప్పుడు మాత్రం శిల్ప ఎదురుగా ఉండాలి. ఇప్పుడు నాకు కావాల్సింది ఆ తూటా. ఇటివ్వండి, పోలీస్ స్టేషన్లో ఏమని అప్పజెప్పాలో కనుక్కుంటాను."

అశోక్ కాలి దగ్గరున్న తూటాని వంగి తీశాడు. తల్లి అరచేతిలో పెట్టాడు.

"వచ్చాక?" అన్నాడు కోటిలింగం. "లైసెన్సు నీ పేరున వచ్చాక ఏం చేస్తావే దాన్ని? పూజ చేస్తావా, కాలుస్తావా, అమ్ముతావా?"

మల్లేశ్వరి కోడలి భుజం పట్టుకుని మెల్లగా పైకి లేచింది.

"ముందు నా పేరున రానివ్వండి," అంది. "ఏం చెయ్యాలో నేను ఎప్పుడో అనుకున్నాను."